పదాలు మిగిలితే భాష మిగిలినట్టేనా?

కొన్నేళ్లుగా తెలుగులో గిరిజన సాహిత్యం పేరుతో వస్తున్న పుస్తకాలు పెరిగాయి. కథలు వస్తున్నాయి, కవిత్వం వస్తోంది, పాటల సేకరణలు వస్తున్నాయి. విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరుగుతున్నాయి. తండా నుంచి, గూడెం నుంచి చదువుకొని వచ్చిన పిల్లలే వీటిని రాస్తున్నారు. ఒకప్పుడు మన గురించి ఎక్కువగా బయటివాళ్లే రాసేవాళ్లు. సాహు, అల్లం రాజయ్య రాసిన 'కొమురం భీం' లాంటి నవలలు మన పక్షాన నిలబడి రాసినవే. అయినా అవి పక్కన నిలబడిన వాళ్లు రాసినవి. ఇప్పుడు కలం మన చేతికొచ్చింది. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఈ పుస్తకాల మీద వస్తున్న సమీక్షలు చాలావరకు ఒకే తీరుగా ఉంటున్నాయి. ఇందులో తండా ఉంది, పండుగ ఉంది, మన మాటలున్నాయి, బాగుంది అని ముగుస్తాయి. మన మాటలున్నాయి అన్న దగ్గరే మేము ఆగి చూడదలిచాం. ఆ మాటలు పుస్తకంలో ఏం పని చేస్తున్నాయి? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మన భాషల పరిస్థితిని ముందు పెట్టుకొని ఈ ప్రశ్న అడుగుతున్నాం.

ఇప్పుడొస్తున్న కథల్లో గోర్ బోలికి గానీ కోయకు గానీ దొరుకుతున్న పనులు లెక్కపెడితే నాలుగే కనిపిస్తాయి. ఒకటి, పేర్లు: మనుషుల పేర్లు, బట్టల పేర్లు, నగల పేర్లు. రెండు, దేవతలు, పండుగలు: సేవాలాల్, తీజ్, ఇలవేల్పు, పడిగె. మూడు, పాట. నాలుగు, ఏడుపో తిట్టో. అమ్మ ఏడ్చేటప్పుడు "యాడీ" అంటుంది, కోపమొచ్చిన తాత సొంత భాషలో తిడతాడు. మరి పొలం కౌలు లెక్క తేల్చుకునేటప్పుడు, బిడ్డ చదువు మాన్పించాలా వద్దా అని మొగుడూ పెళ్లాలు వాదించుకునేటప్పుడు, ఎవరికి ఓటెయ్యాలని నలుగురు కూర్చున్నప్పుడు, చచ్చిపోదామా అని ఒక మనిషి లోపల్లోపల నలుగుతున్నప్పుడు? అక్కడంతా తెలుగే. ఆలోచన తెలుగులో, ఆభరణం మన భాషలో. భాషకు నగ స్థానం ఇచ్చి మనిషి స్థానం తీసేసినట్టయింది.

తెలుగులోనే ఉన్న ఒక సౌలభ్యంతో దీన్ని ఇంకా స్పష్టంగా చెప్పొచ్చు. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. 'మేము' అన్నప్పుడు వినేవాడు బయట ఉంటాడు. 'మనం' అన్నప్పుడు లోపలికి వస్తాడు. తెలుగులో రాస్తున్న గిరిజన సాహిత్యం దాదాపు అంతా 'మేము' సాహిత్యం. మేము ఇట్లా బతుకుతాం, మా పెళ్లి ఇట్లా జరుగుతుంది, మా దేవత పేరు ఇది, మాకు ఈ అన్యాయం జరిగింది అని ఎదుటివాడికి చెప్పే సాహిత్యం. పుస్తకం చివర పదాల పట్టిక పెడతారు. ఆ పట్టిక ఎవరి కోసం? దేవరుప్పుల తండాలో ఉన్న మనిషికి 'యాడి' అంటే అమ్మ అని చెప్పనక్కర్లేదు. అంటే ఆ పుస్తకం తన పాఠకుడిగా ఎవరిని ఊహించుకుందో ఆ పట్టికే చెబుతోంది.

'మేము' సాహిత్యం అవసరం లేదని మేము అనడం లేదు. సాక్ష్యం చెప్పాలి, హక్కు అడగాలి, వినాల్సినవాళ్లకు వినిపించాలి. దానికి తెలుగు కావాలి. ఈ వ్యాసం తెలుగులో ఉండటానికీ కారణం ఉంది. జనగామ వైపు తండాలో ఉన్న లంబాడీ, గంగారం వైపు గూడెంలో ఉన్న కోయ మనిషి ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే మధ్యలో తెలుగే ఉంది. కానీ 'మేము' మాత్రమే ఉండి 'మనం' లేకపోతే, ఒక జాతి తనతో తాను మాట్లాడుకోవడం ఆగిపోయి ఎప్పుడూ ఇతరులకు జవాబు చెబుతూ ఉండిపోతుంది.

2024లో రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథల సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఢావ్లో అంటే పెళ్లికూతురు పుట్టింటిని విడిచిపోతూ ఏడుస్తూ పాడే పాట. ఆయన, ఆచార్య సూర్యా ధనంజయ్ కలిసి గోర్ బంజారా కథలను 'కేసులా' పేరుతో సంకలనం చేశారు. ఈ పుస్తకాలు వచ్చాక తెలుగు కథ తండా వైపు తల తిప్పి చూడక తప్పలేదు. ఈ విజయాన్ని తక్కువ చేయడం ఎవరి తరమూ కాదు. అయితే ఆ పురస్కారం వచ్చింది తెలుగు భాషకు. అకాడమీ గుర్తించిన 24 భాషల్లో గోర్ బోలి లేదు, కోయ లేదు, గోండీ లేదు. గుర్తింపు లేని భాషలకు భాషా సమ్మాన్ అనేది ఒకటి వేరుగా ఉంది. అంటే ఒక లంబాడీ రచయిత ఎంత గొప్పగా రాసినా ఏటా వచ్చే పురస్కారం అందుకోవాలంటే తెలుగులోనో మరో గుర్తింపు పొందిన భాషలోనో రాయాలి. ఇది రచయిత తప్పు కాదు. ద్వారం అట్లా కట్టి ఉంది. ఆ ద్వారం కొలతకు తగ్గట్టు మన భాష ముడుచుకుంటోందన్న సంగతి మాత్రం విమర్శ చెప్పాలి.

ఇప్పుడు మూడు జిల్లాల సంగతికి వద్దాం.

జనగామ జిల్లా తండాల్లో గోర్ బోలి ఇంకా ఇంటి భాష. ధర్మాపురం వైపు జాటోతు ఠాణూ నాయక్ విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం నిలబడి ప్రాణమిచ్చిన చరిత్ర అందరికీ తెలుసు. ఆ చరిత్ర మనకు దొరికేది తెలుగు పుస్తకాల్లో, తెలుగు పాటల్లో. ఆ తండా మనుషులు తమలో తాము ఏ మాటల్లో ధైర్యం చెప్పుకున్నారో, ఏ మాటల్లో భయపడ్డారో ఆ పుస్తకాల్లో దొరకదు. పోరాటం మిగిలింది, పోరాడినవాళ్ల మాట మిగల్లేదు.

ఇదే జిల్లాలో పాలకుర్తి ఉంది. పాల్కురికి సోమనాథుడి ఊరు. 13వ శతాబ్దం నాటికి పండితుల భాష సంస్కృతం. తెలుగులో రాసినా సంస్కృత సమాసాలతో, మార్గ ఛందస్సుతో రాయడమే గొప్ప. సోమనాథుడు దాన్ని కాదని జాను తెలుగు అన్నాడు, జనం పాడుకునే ద్విపదలో బసవ పురాణం రాశాడు. తెలుగు పదాలను సంస్కృతంలో నగల్లా పొదగలేదు. తెలుగులోనే కథ నడిపాడు, తెలుగులోనే వాదించాడు. తన పాఠకుడు పండితుడు కాదు, భక్తుడు అని ముందే తేల్చుకున్నాడు. ఈ రోజు గోర్ బోలి ఎక్కడ ఉందో, ఒకనాడు జాను తెలుగు అక్కడే ఉంది. భాషకు గౌరవం వచ్చాక ఎవరో అందులో రాయలేదు. రాసినందుకే గౌరవం వచ్చింది. ఈ పాఠం మనకు పాలకుర్తిలోనే ఉంది.

మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. మరిపెడ, కురవి, డోర్నకల్ వైపు తండాలు, కొత్తగూడ, గంగారం, బయ్యారం వైపు కోయ గూడేలు. గంగారం మండలం పూనుగొండ్ల నుంచే పగిడిద్ద రాజు మేడారానికి బయల్దేరేది. 2019లో ములుగు జిల్లా వేరుపడే దాకా మేడారం కూడా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. జాతరకు లక్షల మంది వస్తారు. సమ్మక్క కోయ ఆడబిడ్డ అని అందరూ అంటారు. కానీ మైకులో, కరపత్రంలో, సీడీల్లో, ఇప్పుడు ఫోన్లలో ఆ తల్లి కథ తెలుగులోనే తిరుగుతోంది. కోయ భాషలో ఆ కథ చెప్పేది డోలి కోయలు, పడిగె విప్పి, డోలు కొట్టి, వంశం వెంట వంశం చెబుతూ. మణుగూరు ప్రాంతం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అట్లాంటి కథకుడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన చనిపోయాడు.

ఆయనను కళాకారుడన్నారు, వాద్యకారుడన్నారు. మేము ఇంకో మాట అంటాం. కోయ భాషలో అతి పెద్ద వచనం ఉన్నది అట్లాంటివాళ్ల దగ్గర. అది పాట ఒక్కటే కాదు. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ గట్టువాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరి మీద ఎందుకు కత్తి ఎత్తారు అన్నదంతా వాదనతో, కారణాలతో చెప్పే చరిత్ర. భాష పెద్ద పనులు చేసేది అక్కడ. ఆ కథకులు పోయినప్పుడు పోయేది ఒక వాద్యం కాదు, కోయ భాష చరిత్ర చెప్పగల శక్తి. ఇంటి దగ్గర నాలుగు మాటలు మిగలొచ్చు. నాలుగు మాటలతో చరిత్ర చెప్పలేం.

అంకెలు కూడా ఇదే చెబుతాయి. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కోయ తెగ జనాభా 5 లక్షలు దాటింది. అదే లెక్కల్లో దేశం మొత్తం మీద కోయ తన మాతృభాష అని చెప్పినవాళ్లు 4 లక్షల లోపే. అంటే కోయ అని రాయించుకున్నవాళ్లలో చాలామంది భాష దగ్గరికి వచ్చేసరికి తెలుగు అని రాయించుకున్నారు. గోర్ బోలిది మరో కథ. 2011 లెక్కల్లో లమాణీ, లంబాడీ పేరుతో నమోదైనవాళ్లు 32 లక్షలకు పైగా ఉన్నారు. ఆ 32 లక్షలనూ హిందీ పద్దు కింద కలిపారు. లంబాడీ ఆడమనిషి పుట్టినప్పటి నుంచి హిందీ వాక్యం ఒక్కటి అనకపోయినా లెక్కల్లో ఆమె హిందీ మనిషే.

భూపాలపల్లి జిల్లాలో పరిస్థితి ఇంకా చిక్కుగా ఉంది. అక్కడి నాయకపోళ్లు తెలుగే మాట్లాడతారు. అయినా వాళ్లు తాము ఎవరో మరిచిపోలేదు. లక్ష్మీదేవర ముఖం, పాండవుల ముఖాలు పెట్టుకొని ఆడినప్పుడు ఆ జాతి తనను తాను గుర్తుపట్టుకుంటుంది. భాష పోతే జాతి పోతుందనే మాటను మనం తరచూ అంటాం. నాయకపోళ్లను చూస్తే అది అంత సూటిగా నిజం కాదని తెలుస్తుంది. గుర్తింపు ఇంకో దారిన బతకగలదు. అయితే అప్పుడు అది ఏడాదికి కొన్ని రోజులు, పండుగకు, ముఖం పెట్టుకున్నంతసేపు బతుకుతుంది. భాష ఉంటే మిగతా రోజుల్లో కూడా బతుకుతుంది.

అదే అడవుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల గుంపులున్నాయి. వాళ్ల పిల్లలు ఇంట్లో, ఆటలో, కొట్లాటలో తమ భాషే మాట్లాడతారు. మన దగ్గర కోయ భాష ఎట్లా ఉండాలని కోరుకుంటున్నామో అది వాళ్ల నోట ఉంది. కానీ వాళ్లకు ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు, దున్నిన పోడు మీద పట్టా ఉండదు, గుడిసె ఎప్పుడు తీసెయ్యమంటారో తెలియదు. గుర్తింపు ఉన్న దగ్గర భాష జారిపోతోంది. భాష ఉన్న దగ్గర గుర్తింపు లేదు. కోయ భాష బతకాలని రాసేవాళ్లు ఈ గుంపుల గురించి మాట్లాడకుండా రాస్తే, ఆ రాత భాష గురించి కాదు, భాష జ్ఞాపకం గురించి.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం కూడా నిజం కాదు. నిజాం కాలంలోనే 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టారు, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తెచ్చారు. 2000 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండీ, కొలామీ, బంజారా సహా ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు వచ్చాయి. ఇవి మంచి ప్రయత్నాలు. కానీ వాచకం మూడో తరగతి దగ్గరో, ఐదో తరగతి దగ్గరో ఆగిపోతుంది. ఆ తర్వాత ఆ భాషలో చదవడానికి ఏముంది? కథ పుస్తకం లేదు, పత్రిక లేదు, ఉత్తరం రాసేవాళ్లు లేరు. మెట్లు కట్టారు గానీ మెట్ల మీద ఇల్లు లేదు. ఆ ఇల్లు కట్టాల్సింది వాచకాల కమిటీ కాదు, రచయితలు.

ఇక్కడ దూరపు మనుషుల అనుభవం ఒకటి పనికొస్తుంది. కెనడా ఉత్తరాన, గ్రీన్లాండ్‌లో మంచు నేల మీద బతికే ఇన్యూట్ జాతి భాషల గురించి చదివినప్పుడు మన కథే అనిపిస్తుంది. అక్కడా పిల్లలను ఇంటికి దూరంగా హాస్టల్ బడుల్లో పెట్టి ఇంగ్లిష్ నేర్పారు. 1999లో వాళ్లకు నునవుత్ అనే సొంత ప్రాంతం వచ్చింది. 2008లో భాషా రక్షణ చట్టం వచ్చింది. 2019 నాటికి అన్ని తరగతుల్లోనూ సొంత భాషలో చదువు చెప్పాలని రాసుకున్నారు. గడువు వచ్చేసరికి ఉపాధ్యాయులు చాలలేదు. 2020లో ఆ గడువును 2039 దాకా జరిపారు. సొంత పాలన, సొంత చట్టం ఉన్నచోటే ఇట్లా అయింది. ఎనిమిదో షెడ్యూల్‌లో చేరితే అంతా అయిపోతుందనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి. షెడ్యూల్ కోసం అడగాలి. సంతాలీ, బోడో భాషలకు 2003 రాజ్యాంగ సవరణతో అది దొరికింది, మనకూ దొరకాలి. కానీ సంతాలీ దాని కోసం ఆగలేదు. రఘునాథ్ ముర్ము 1925లోనే ఓల్ చికి లిపి చేశాడు, ఆ తర్వాత ఎనభై ఏళ్ల పాటు అందులో రాసుకున్నారు, అచ్చు వేసుకున్నారు.

ఇన్యూట్ వాళ్ల దగ్గర చట్టం కంటే మాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. 1950ల మొదట్లో క్యూబెక్ ఉత్తరాన మిటియార్జుక్ నప్పాలుక్ అనే ఆమెను మిషనరీలు ఒక పని అడిగారు. తాము భాష నేర్చుకోవడానికి వీలుగా రోజూ వాడే మాటలతో వాక్యాలు రాసిపెట్టమన్నారు. ఆమె బడికి పోలేదు, వాళ్ల అక్షరాలు మాత్రం వచ్చు. రాయడం మొదలుపెట్టింది. వాక్యాల జాబితా రాస్తూ రాస్తూ విసుగొచ్చి మనుషులను పుట్టించింది. సనాక్ అనే విధవరాలు, ఆమె బిడ్డ, బంధువులు, వేట, కొట్లాట, మళ్లీ పెళ్లి. పదాల పట్టిక అడిగితే నవల ఇచ్చింది. అది 1984లో సొంత భాషలో అచ్చయింది. ఫ్రెంచిలోకి 2002లో, ఇంగ్లిష్‌లోకి 2014లో వెళ్లింది. ముందు సొంతవాళ్లకు, తర్వాత లోకానికి.

2001లో జకారియాస్ కునుక్ తీసిన 'అటనార్జుఆట్' సినిమా కూడా అంతే. మొత్తం ఇనుక్టిటుట్ భాషలోనే. మంత్రగాడు ఎందుకొచ్చాడో, ఎవరు ఎవరికి ఏమవుతారో బయటి ప్రేక్షకుడికి వివరించి చెప్పదు. అర్థం కాకపోతే అతనే తిప్పలు పడాలి. కాన్ చిత్రోత్సవంలో దానికి తొలి చిత్రానికి ఇచ్చే బంగారు కెమెరా బహుమతి వచ్చింది. 'మనం' అని మాట్లాడిన సినిమాను లోకం ఆగి విన్నది.

మన దగ్గర మాత్రం ఎవరో మిటియార్జుక్‌ను అడిగినట్టు పదాల పట్టిక అడగకముందే, నవల రాయగలవాళ్లు పట్టికలు రాసిస్తున్నారు.

ఈ మాటకు రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, లిపి లేదు కదా అని. గోర్ బోలిని తెలంగాణలో తెలుగు లిపిలో, కర్ణాటకలో కన్నడ లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తున్నారు. గోండీకి గుంజాల లిపి ఉంది, అది 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఏ లిపి అన్న చర్చ జరగాలి. కానీ దాని కోసం రాత ఆగకూడదు. గ్రీన్లాండ్‌లో 1861లోనే సొంత భాషలో పత్రిక మొదలైంది. వందేళ్లు దాటాక 1973లో రాత పద్ధతిని మార్చుకున్నారు. అప్పటికి మార్చుకోవడానికి వాళ్ల దగ్గర రాత ఉంది. తెలుగు లిపిలో ణ, ళ ఉన్నాయి, ఒత్తు అక్షరాలున్నాయి, పొల్లు ఉంది. గోర్ బోలి రాయడానికి ఇవాళ్టికి చాలు.

రెండోది, ఎవరు చదువుతారు అని. ఇది నిజమైన కష్టం. తండా పిల్లలు ఇంగ్లిష్ మీడియం బస్సు ఎక్కుతున్నారు. ఆ చదువు వద్దనే హక్కు ఎవరికీ లేదు. హైదరాబాద్‌లో కూలికి, ఉద్యోగానికి ఆ భాషలే అన్నం పెడుతున్నాయి. కానీ తండాలో చదివేవాళ్లు తక్కువైనా వినేవాళ్లు లేకుండా పోలేదు. గట్టిగా చదివితే అర్థమయ్యే కథ, ఫోన్‌లో రికార్డు చేసి పంపితే ముసలామె కూడా వినే కథ కావాలి. మన భాషల్లో పాఠకుడు చెవితో చదువుతాడు. రచయిత ఆ చెవి కోసం రాయాలి.

2018 పంచాయతీరాజ్ చట్టంతో వెయ్యికి పైగా తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలయ్యాయి. మా తండాలో మా రాజ్యం అన్న పాత కోరిక కొంత తీరింది. కానీ నాయక్, కార్‌బారీ కూర్చొని గోర్ బోలిలో తీర్పు చెప్పిన చోట ఇప్పుడు తీర్మానం తెలుగులో రాస్తున్నారు. వాదించే పని, తేల్చే పని, ఒప్పించే పని అన్నీ భాష చేతిలోంచి పోతున్నాయి. కథలో కూడా అవే పనులు తీసేస్తే భాషకు ఇక మిగిలేది తీజ్ పాట, పెళ్లి ఏడుపు.

అందుకే కొత్త పుస్తకం వచ్చినప్పుడు విమర్శ ఇవి అడగాలని మేము కోరుతున్నాం. ఈ పుస్తకం ఎవరితో మాట్లాడుతోంది? ఇందులో మన భాష వాదించిందా, లెక్క కట్టిందా, అబద్ధమాడిందా, నవ్వించిందా, లేక అలంకారంగా కూర్చుందా? పదాల పట్టిక తీసేస్తే పుస్తకం నిలబడుతుందా? కొత్తగూడలోనో కొడకండ్లలోనో నలుగురి ముందు చదివితే, ఇది మన ఊరి సంగతే అని ఎవరైనా మధ్యలో అడ్డుపడి తగువు పెట్టుకుంటారా?

ఇట్లాంటి సంచికల్లో ఇకనుంచి కొన్ని పేజీలైనా గోర్ బోలిలో, కోయలో, తెలుగు లిపితో, పట్టిక లేకుండా రావాలి. అది కవిత కాకపోయినా ఫర్వాలేదు. పత్తి ధర మీద తగువో, పెళ్లి కట్నం మీద వాదనో, బ్యాంకు లోన్ కథో అయితే ఇంకా మంచిది. అర్థం కాని తెలుగు పాఠకుడు పక్కనున్న లంబాడీ మనిషిని, కోయ మనిషిని అడిగి తెలుసుకుంటాడు. ఇన్నాళ్లూ మనం అడిగి తెలుసుకున్నట్టే.